నిదానంగా కొట్టిన గంట

మా చర్చి గంట తాడు నేల నుంచి ఏడడుగుల ఎత్తున ముడివేసి ఉంటుంది. నేను మునివేళ్ళ మీద లేచి చెయ్యెత్తితే అందే ఎత్తు ఆరడుగుల పదంగుళాలు. మధ్యనున్న ఆ రెండంగుళాలూ యాదృచ్ఛికం కావు. సంఘ పెద్దలు నన్ను గంట కింద నిలబెట్టి, "చెయ్యెత్తవయ్యా, ఇంకా ఎత్తు, మడమలు కూడా లేపు" అని, టేపుతో కొలిచి, తీర్మానం రాసి మరీ ఆ ముడి వేయించారు. కొందరి పేరున వీధులుంటాయి. కొందరి పేరున బళ్ళుంటాయి. నా పేరున ఒక ముడి ఉంది. గంట కొట్టే ఏసుదాసు గారు ఇప్పుడు ముక్కాలి పీట ఎక్కి కొడుతున్నారు. ఎక్కే ముందు ప్రతిసారీ నన్నొకసారి తలుచుకుంటారని, ఆ తలుచుకోవడం మాత్రం ప్రార్థన కింద రాదని విన్నాను.

ఆ ముడి వెనకున్న మహావిపత్తును ఇప్పుడు మీకు విన్నవిస్తాను. గుండె జబ్బున్నవాళ్ళు కూడా నిరభ్యంతరంగా చదవవచ్చు. ఇందులో ఎవరూ చనిపోరు. కాకపోతే ఒక శనివారం సాయంత్రం, దాదాపు గంటసేపు, ఒక పెద్దావిడ చనిపోయారని ఊరు ఊరంతా నమ్మింది. ఆ నమ్మకానికి కర్త, కర్మ, క్రియ అన్నీ నేనే. కర్మ మాత్రం కొంచెం ఎక్కువ నేను.

నాలుగేళ్ళ కిందటి మాట. మాది రాజోలు దగ్గర కాలవగట్టు ఊరు. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు, మా చర్చి యువజన సంఘానికి సెక్రటరీని. ఎలా అయ్యానంటారా? ఎన్నిక రోజున జ్వరమొచ్చి వెళ్ళలేదు. రానివాణ్ణి ఎన్నుకోవడం మా సంఘంలో ఆనవాయితీ. జాయింట్ సెక్రటరీ సునంద. నర్సింగ్ ఆఖరి సంవత్సరం. సంఘంలో పని ఆమెది, సంతకం నాది. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది. నేను సంతకం వదిలి పనిలోకి దిగిన రోజే కొంప మునిగింది.

సునంద రెండేళ్ళుగా ఒకే ఒక్క విషయం మీద పెద్దలతో పోరాడుతోంది. ప్రతి ఏడూ మా యువజనుల క్యాంపు వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున, నర్సాపురం వైపు మూడు రోజులు జరుగుతుంది. సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ కలిపి దాటించే పంటు ఎక్కి వెళ్ళాలి. మగపిల్లలం వెళ్ళేవాళ్ళం, ఆడపిల్లల్ని పంపేవారు కాదు. "గోదారి దాటాలి, రాత్రుళ్ళు ఉండాలి, ఏదన్నా అయితే ఎవరు చూస్తారు?" అనేది పెద్దల ప్రశ్న. పద్ధెనిమిదిమంది ఆడపిల్లల పేర్లు రాసిన అర్జీ రెండేళ్ళూ తిరిగొచ్చింది. ఆ ఏడు దాటితే సునంద ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. అంటే ఆమెకదే ఆఖరి పంటు.

ఈసారి మా సంఘ పెద్ద శామ్యూలు గారు కొంచెం మెత్తబడ్డారు. ఆయన తహసీలు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గాని, ఆయన ఆఫీసును వదల్లేదు. ఇంట్లో కోడలు చారు పోస్తే కూడా "జతపరచిన అప్పడమేదమ్మా?" అని అడుగుతారు.

"మౌఖికంగా చెప్తే చాలదమ్మా సునందా," అన్నారాయన. "ఆపదొస్తే మీరేం చేస్తారో మాకు రుజువు కావాలి. ఓ డ్రిల్లు చేసి చూపించండి. అదీ మాకు ముందుగా చెప్పకుండా. ముందు తెలిస్తే అది తనిఖీ అవ్వదు, తద్దినం అవుద్ది."

"ఆయ్, చూపిస్తామండి," అంది సునంద.

"ఆయ్, నేను చూపిస్తానండి," అన్నాను నేను. ఆ 'నేను' దగ్గర సునంద నా వంక చూసింది. ఆ చూపులో భవిష్యత్తంతా ఉంది. నాకు అప్పుడు చదవడం రాలేదు.

అంత ధైర్యం నాకెక్కడిదంటే అమలాపురంలో దొరికింది. అంతకు వారం ముందే అక్కడ యువజన నాయకులకి ఒకరోజు శిక్షణ పెట్టారు. 'తీవ్ర సంఘటనల నివేదన, సంక్షోభ నిర్వహణ' అని పేరు. పొద్దున్న సంక్షోభం, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం సర్టిఫికెట్. దాంతోపాటు ఒక ఫైలు, ఒక విజిలు, పద్నాలుగు గళ్ళున్న 'తీవ్ర సంఘటన నివేదిక పత్రం' ఇచ్చారు. నారింజరంగు మెరుపుకోటు మాత్రం నేను సొంతంగా కొనుక్కున్నాను. అది వేసుకునే రాజోలు బస్సెక్కాను. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసి, దాని దగ్గర పెట్టిన అరటిగెల తీయమని కండక్టరుకి చెప్పాను.

"తమరు దిగేటప్పుడు పట్టుకెళ్ళిపోండి బాబూ, గెల తమ పక్కనున్న మావయ్యగారిదే," అన్నాడాయన. పక్కనున్న మావయ్యగారు రాజోలు దాకా నాతో మాట్లాడలేదు.

శిక్షణ ఇచ్చినాయన చెప్పిన ఒక్క మాట నా గుండెలో నాటుకుపోయింది. "ఆపదలో మన మొదటి శత్రువు ఆపద కాదండీ, గాబరా. ఏం చేసినా నిదానంగా చెయ్యండి. జనాన్ని కంగారు పెట్టకండి." నేను 'నిదానం' అని రాసుకుని మూడుసార్లు కింద గీత గీశాను. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. నా విషయంలో ప్రదానం కూడా జరిగింది, చీవాట్ల ప్రదానం. అది చివర్న వస్తుంది.

శుక్రవారం నాడు చర్చి అరుగు మీద కూర్చుని పథకం వేశాం. మూడోవాడు చిట్టిబాబు. మంచివాడు, నూరు కిలోలవాడు. డ్రిల్లులో వాడిది కాలవలో పడి కొట్టుకుపోయినవాడి పాత్ర.

"సిగ్నలు ఇవ్వగానే యూతంతా మూడు నిమిషాల్లో చర్చి దగ్గరికి రావాలి," అన్నాను. "లెక్క చూస్తాం. ఒకడు తక్కువ. వెతుకుతాం. దొరుకుతాడు. సునంద ప్రథమ చికిత్స చేస్తుంది. నేను నివేదిక రాస్తాను."

"సిగ్నలంటే విజిలే కదా?" అంది సునంద.

"విజిలు పీటీ మాస్టారిది సునందా. ఆపదకి గంట ఉండాలి. చర్చి గంట."

"గంటైతే ఏసుదాసు గారిచేత కొట్టించు. ఆయనకి తెలుసు."

"గంట కొట్టడంలో తెలియడానికేముంది? తాడు, లాగడం."

"దయా." మా అమ్మానాన్నలు నాకు దయాకర్ అని పేరు పెడితే ఊరు సగం కోసేసి దయ చూపించింది. "ఏసుదాసు గారిచేతే కొట్టించు."

"ఆయ్," అన్నాను. మా వైపు ఆయ్ అంటే సరేనని అర్థం. నా ఆయ్‌కి మాత్రం చూద్దాంలెమ్మని అర్థం.

చిట్టిబాబుకి అసలు సమస్యలు వేరే ఉన్నాయి. కాలవ అవతల కొబ్బరి పీచు షెడ్డులో, ఒడ్డుకి కొట్టుకొచ్చి స్పృహ తప్పినవాడిలా పడుకోవాలని చెప్పాను.

"దోమలు కుడితేనోరా?"

"స్పృహ లేనివాడికి దోమ కుట్టినా తెలీదు."

"తినడానికేమన్నా పట్టుకెళ్ళొచ్చా?"

"స్పృహ లేనివాడు తింటాడా?"

"తినడు. జేబులో ఉంటే తప్పేటి?"

"ఉండనీ. ఫోను సైలెంటులో పెట్టు. ఎవరో ఒకరొచ్చి తట్టేదాకా కళ్ళు తెరవకు. ఏం వినపడ్డా లేవకు. ఏం వినపడ్డా."

ఈ 'ఏం వినపడ్డా' అన్నది దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

శనివారం మధ్యాహ్నం చిట్టిబాబు జేబుల్లో రెండు పొట్లాల పకోడీలతో స్పృహ తప్పడానికి వెళ్ళాడు. సునంద ప్రథమ చికిత్స పెట్టె పట్టుకుని కాలవ వంతెన దగ్గర నిలబడింది. నేను మెరుపుకోటు వేసుకుని ఏసుదాసు గారింటికి వెళ్తే, ఆయన కళ్ళజోడు మార్పించుకోవడానికి రాజోలు వెళ్ళారట. నా ఆనందం చూడాలి. పెళ్ళికొడుకు రాకపోతే తోడిపెళ్ళికొడుక్కి కలిగే ఆనందం.

మూడూ నలభైకి తాడు పట్టుకున్నాను. శిక్షణ గుర్తొచ్చింది. గాబరా పెట్టకూడదు, నిదానం. గబగబా గంట కొడితే జనం హడలిపోరూ? అందుకని రెండు దెబ్బలు కొట్టాను. పదంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగాను. మళ్ళీ రెండు. మళ్ళీ నిశ్శబ్దం. ఒకటే కొడితే పొరపాటున తగిలిందనుకుంటారు, మూడు కొడితే నేనే అలిసిపోతాను, అందుకే రెండు. ఆ శబ్దం కొబ్బరాకుల మీదుగా, కాలవ మీదుగా ఎంత నెమ్మదిగా, ఎంత గంభీరంగా సాగిపోయిందంటే, కొడుతున్న నాకే కళ్ళు చెమర్చాయి. అలా పది నిమిషాలు కొట్టాను.

మా ఊరి సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళకి చెబుతాను. ఆదివారం ఆరాధనకి మా గంట గణగణమని ఆగకుండా మోగుతుంది. ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు మాత్రం నిదానంగా మోగుతుంది. మగవాళ్ళకి మూడేసి దెబ్బలు, మధ్యలో నిశ్శబ్దం. ఆడవాళ్ళకి రెండేసి.

ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడివి, చావు గంట నీకు తెలీదా అని మీరడగవచ్చు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాని రోజూ పులుసు తినేవాడికి పులుసు పెట్టడం తెలియాలని ఎక్కడుంది? పైగా ఆ రోజు నా బుర్ర నిండా శిక్షణ ఉంది. శిక్షణ లోపలికి రాగానే ఇంగితం లేచి నిలబడి కుర్చీ ఇచ్చేసింది.

జనం రావడం మొదలుపెట్టారు. నేను వాచీ చూసుకుంటూ మురిసిపోతున్నాను. రావలసినవాళ్ళు నలభైమంది యువజనులు. ముందుగా వచ్చినాయన మాత్రం వడ్రంగి ఆశీర్వాదం గారు. అరవై దాటినాయన. చేతిలో కొలతల టేపు. ఊళ్ళో సమాధి పెట్టెలు చేసేది ఆయనే. ఆ చివరి వాక్యం నాకా క్షణంలో తట్టలేదు.

"ఎంత పనయిపోయిందండీ దయబాబూ," అన్నారాయన కండువాతో కళ్ళొత్తుకుంటూ. "పొడుగెంతుంటారండీ? నా అంచనా నాలుగూ పది."

పాపం, చిట్టిబాబు కోసం వెతకడానికి వచ్చి ఆనవాళ్ళు అడుగుతున్నారనుకున్నాను. నివేదిక పత్రంలో నాలుగో గడి ఆనవాళ్ళే మరి.

"కాదండి. అయిదూ పది. బరువు నూరు కిలోలు."

ఆశీర్వాదం గారి చేతిలో టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది. "టీచరమ్మగారాండీ?"

"ఏ టీచరమ్మగారు?"

"మార్తమ్మ గారేనండి బాబూ! రెండేసి దెబ్బలు కొట్టేరు కదండీ, ఆడమనిషి. ఊళ్ళో మంచం మీదున్న ఆడమనిషి ఇంకెవరున్నారండీ?"

మార్తమ్మ గారంటే మా ఊళ్ళో మూడు తరాలకి అక్షరాలు దిద్దించిన టీచరమ్మ. ఎనభైయ్యారేళ్ళు. వారం రోజులుగా జ్వరంతో పడుకుని ఉన్నారు. నాకు ఒకటో తరగతి చెప్పింది కూడా ఆవిడే. గురుదక్షిణగా ఆవిడ చావుగంట ఆవిడ బతికుండగానే కొట్టాను. నా ఒళ్ళు మంచుగడ్డయిపోయింది. మెరుపుకోటు మాత్రం మెరుస్తూనే ఉంది.

"ఎవరూ పోలేదండీ! ఇది డ్రిల్లండీ!" అని అరిచాను.

ఆశీర్వాదం గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఊరుకోండి బాబూ. మా నాన్న పోయినప్పుడు నేనూ ఇలాగే పోలేదు పోలేదన్నాను."

"నిజంగా పోలేదండి!"

"అదేనండి. అలాగే అనిపిస్తాది."

ఎవరికి చెప్పినా అంతే. ఒకరు మంచినీళ్ళిచ్చారు. ఒకరు విసనకర్రతో విసిరారు. "టీచరమ్మ గారంటే ఎంత ప్రాణమో చూడండి, పాపం, మతి చలించింది. లేకపోతే చావుకి ఈ కోటేంటి?" అని ఒకావిడ ముక్కు చీదింది. నిజం చెప్పులు వేసుకునేలోపు అబద్ధం ఊరంతా తిరిగొస్తుందంటారు. నా అబద్ధం అప్పటికే దండలు కూడా కొనుక్కుని మార్తమ్మ గారి వీధిలోకి తిరిగింది.

వాళ్ళ వెనకే నేను పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లో వందమందికి తక్కువ లేరు. శామ్యూలు గారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, లోపలికి వెళ్ళారు. వెంటనే బయటికి వచ్చారు.

"మంచం మీద ఎవరూ లేరే," అన్నారు.

వాకిలంతా గుసగుస. "అప్పుడే తీసుకెళ్ళిపోయేరా?" "ఎవరూ?" "అయ్యగారింటికేమోనండీ." అప్పుడే పాస్టరు గారు, మేమంతా అయ్యగారంటాం, పక్కూరి నుంచి మోటారుసైకిలు మీద సమాధి ఆరాధన పుస్తకంతో సహా దిగి, "మా ఇంటికి తేలేదండీ," అన్నారు.

శామ్యూలు గారిలో సూపరింటెండెంటు నిద్రలేచాడు. "భౌతికకాయం ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉందండీ? ఎవరూ మాట్లాడరేం? గంట కొట్టిందెవరు?"

నన్ను చూపించడానికి వేళ్ళు అక్కర్లేకపోయింది. కోటుంది కదా.

"దయాకర్, చావు కబురు నీకెవరిచ్చేరు?"

"ఎవరూ ఇవ్వలేదండి."

"ఎవరూ ఇవ్వకుండా గంటెలా కొట్టేవు?"

"నిదానంగా అండి."

ఆయన ఇంకేదో అనేలోపు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మార్తమ్మ గారి కూతురు రూతక్క దిగింది. రాజోలులో బట్టల కొట్లో పనిచేస్తుంది. ఎవరో ఫోను చేశారట. చెప్పులు కూడా లేవు. "మధ్యాన్నం గంజి తాగిందండీ, తాగి నవ్విందండీ మా అమ్మ," అంటూ గుమ్మం దగ్గరే కూలబడిపోయింది.

ఇప్పటిదాకా మీతోపాటు నేనూ నవ్వుకుంటూ చెప్పుకొచ్చాను గాని, ఆ గుమ్మం దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "అక్కా, అమ్మగారు పోలేదు. నేను డ్రిల్లు కోసం ఉత్తినే కొట్టేను. తప్పయిపోయింది. ఒట్టు, పోలేదు."

రూతక్క తలెత్తి నా వంక చూసింది. ఆవిడొక్కతే నన్ను నమ్మింది. నమ్మి, మంచం వంక చూసి, "మరి అమ్మేదిరా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు, తీవ్ర సంఘటన అంటే ఏమిటో. జ్వరంలో ఉన్న ఎనభైయ్యారేళ్ళ మనిషి మంచం మీద లేదు. ఇంటి వెనక పాతిక గజాల్లో కాలవ. అమలాపురం శిక్షణంతా కోడికూర రుచితో సహా బుర్రలోంచి ఎగిరిపోయింది. విజిలు నోట్లో పెట్టుకున్నాను. ఊదితే గాలి కూడా రాలేదు. ఫైలు తెరిచాను. మొదటి గడి 'నివేదిక క్రమసంఖ్య'. ఆ సంఖ్య ఏం వెయ్యాలా అని నిజంగా ఆలోచించాను చూడండి, అంత వెధవని.

గుంపులోంచి సునంద వచ్చింది. వంతెన దగ్గర గంట విని తనూ ఎవరో నిజంగానే పోయారనుకుందట. సరాసరి లోపలికి వెళ్ళింది, దుప్పటి తాకి చూసింది, మంచం కిందికి వంగింది, దండెం వంక చూసింది.

"పొద్దున్న నేనే చూసేను, జ్వరం దిగిపోయింది. రూతక్కా, చేతికర్ర ఎక్కడుంటది?"

"మంచం కోడుకి ఆనించి ఉంటాదే."

"లేదు. చెప్పులూ లేవు. టీచరమ్మగారి తెల్లచీర?"

"దండెం మీద ఉండాలే."

"అదీ లేదు. దుప్పటి మడతపెట్టి ఉంది." సునంద నా వైపు తిరిగింది. "తెల్లచీర కట్టుకుని, కర్ర పుచ్చుకుని, పక్క సర్దుకుని మరీ వెళ్ళేరు. రెండేసి దెబ్బలు విని ఎవరైనా ఎక్కడికెళ్తారు దయా?"

"చర్చికి, సమాధి ఆరాధనకి," అన్నాను.

"ఆయ్. ఆవిడ కూడా వెళ్ళేరు."

ఊరంతా రోడ్డు మీదుగా మార్తమ్మ గారింటికి వస్తే, మార్తమ్మ గారు కాలవగట్టు అడ్డదారిన చర్చికి వెళ్ళారన్నమాట. వందమందీ, రూతక్కా, అయ్యగారూ, దండలూ, టేపూ అందరం చర్చికి పరుగు. నేనందరికంటే ముందు. శవం కోసం అంత ఆశగా పరుగెత్తిన జనాన్ని చరిత్రలో ఎవరూ చూసి ఉండరు.

చర్చిలో మొదటి వరస. తెల్లచీర. ఒళ్ళో కీర్తనల పుస్తకం. మార్తమ్మ గారు వెనక్కి తిరిగి కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏమర్రా, గంట కొట్టి ఎంతసేపయింది? అయ్యగారు లేరు, పెట్టె లేదు, పాడేవాళ్ళు లేరు. క్రమశిక్షణ లేదు. ఇంతకీ పోయిందెవరే రూతూ?"

రూతక్క వెళ్ళి ఆవిణ్ణి వాటేసుకుని బావురుమంది. చివరికి ఆశీర్వాదం గారు టేపు వెనక దాచుకుంటూ, ఎంతో మర్యాదగా, "తమరేనండి," అన్నారు.

"నేనా? ఎప్పుడు?"

"మూడూ నలభైకండి."

"ఎవడ్రా చెప్పిందీ?"

గుంపు రెండుగా చీలింది. మధ్యలో మెరుస్తూ నేను.

"దయా. ఇలా రా. చెయ్యి చాపు."

ఇరవైమూడేళ్ళవాణ్ణి, సెక్రటరీని, సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి, ఊరందరి ముందూ చెయ్యి చాపాను. కీర్తనల పుస్తకంతో రెండు దెబ్బలు కొట్టారు. కాసేపు ఆగారు. మళ్ళీ రెండు. "ఇలాగేనా కొట్టింది?" అన్నారు. ఆవిడకి జ్వరం పూర్తిగా తగ్గిపోయిందని నాకప్పుడు రూఢి అయింది.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని జనాన్ని పరికించారు, హాజరు వేసేటప్పుడు చూసినట్టు. "బాగానే వచ్చేరే! ఆ స్తంభం దగ్గర నక్కింది సత్యవతి కాదూ? ఎనిమిదేళ్ళయింది నాతో మాట మానేసి. రావే, రా, పోయాక వచ్చి ఏం లాభం? ఆ దండెవరు తెచ్చేరు? ఇలా ఇవ్వండి, వాడిపోతాది." దండ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. సత్యవతమ్మ గారు ఏడుస్తూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక్క చావు లేకుండా ఇంత ఏడుపు మా చర్చి ఎన్నడూ చూడలేదు.

శామ్యూలు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది డ్రిల్లు కనక, ఒక్కమాట రికార్డు చెయ్యాలండి. గంట కొట్టిన పావుగంటలో ఊరంతా హాజరు. ఆ వరకు సంతృప్తికరం."

నాలో ఆశ చిగురించింది. అది మొలిచిన క్షణంలోనే ఆయన దాన్ని తొక్కేశారు.

"అయితే దయాకర్, టీచరమ్మ గారు నీ డ్రిల్లులో లేరు కదా? మరి నీ డ్రిల్లులో తప్పిపోయిన మనిషెవరు?"

చిట్టిబాబు! కాలవలో పడి, కొట్టుకుపోయి, స్పృహ తప్పి, ఫోను సైలెంటులో పెట్టి, పీచు షెడ్డులో పడి ఉన్న చిట్టిబాబు! వాణ్ణి కాపాడటానికే కదా ఈ గంటంతా! "సునందా!" అని చుట్టూ చూశాను. సునంద లేదు.

"పోయిందా? ఈ పిల్ల కూడా తప్పిపోయిందా?" అన్నారు శామ్యూలు గారు నీరసంగా. "అసలిక్కడ ఉన్నవాళ్ళెవరండీ?"

అప్పుడే చర్చి గుమ్మంలోకి సునంద వచ్చింది. వెనకాల చిట్టిబాబు. తలనిండా కొబ్బరి పీచు, మొహంనిండా దోమకాట్లు, కళ్ళనిండా నీళ్ళు. మార్తమ్మ గారిని చూసి అక్కడే ఆగి, "టీచరమ్మగారూ! తమరు ఉన్నారాండీ!" అని ఘొల్లుమన్నాడు. "గంట వినపడిందండి. తమరే పోయేరనుకుని అక్కడే పడుకుని ఏడ్చేనండి. లేచి వద్దామంటే ఏం వినపడ్డా లేవొద్దన్నాడండి దయ!"

"పకోడీలేవిరా?" అన్నాను నేను, ఏమనాలో తెలియక.

"దుఃఖంలో తినేసేను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత మొత్తం చర్చి పగలబడి నవ్వింది. అయ్యగారు సమాధి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు గాని, పుస్తకం ఊగుతోంది.

నవ్వులన్నీ అణిగాక మార్తమ్మ గారు కర్ర నేలకి తాటించారు. "శామ్యూలూ, లే."

డెబ్బయ్యేళ్ళ శామ్యూలు గారు లేచి నిలబడ్డారు. ఆయనకీ ఒకటో తరగతి చెప్పింది ఆవిడే మరి.

"ఆడపిల్లలు గోదారి దాటితే, ఏదన్నా అయితే ఎవరు చూస్తారన్నావంట?"

"ఆయ్... అన్నానండి."

"ఇవాళ ఏదో ఒకటి అయింది కదా, ఎవరు చూసేరు? ఊరంతా నా శవాన్ని వెతుకుతుంటే, ఈ పిల్ల నన్ను వెతికింది. నేను దొరికేనని మీరంతా సంబరపడుతుంటే, ఇంకోడున్నాడని ఇది గుర్తుపెట్టుకుని పోయి తెచ్చింది. ఇంకేం రుజువు కావాలి నీకు? జతపరచాలా?"

"అక్కర్లేదండి," అన్నారు శామ్యూలు గారు. "ఆడపిల్లల క్యాంపు ప్రయాణం మంజూరు. ఆపద వస్తే బాధ్యత సునందది." నా వంక చూసి, "ఆపద రాకుండా చూసే బాధ్యత కూడా సునందదే. ఆ కోటు వాణ్ణి గంటకి దూరంగా ఉంచండి," అన్నారు.

సునంద ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చిట్టిబాబు దోమకాట్లకి మందు రాస్తూ కూర్చుంది. రాసిన కాటుకే మళ్ళీ మళ్ళీ రాస్తోంది. రెండేళ్ళ బరువు దిగిన చెయ్యి కదా.

ఆ రోజే కూర్చుని నివేదిక పూర్తిచేశాను. 'సంఘటనకు కారణం' అన్న గడిలో నా పేరు రాశాను. 'బాధితుల సంఖ్య' అన్నచోట ఊరి పేరు రాశాను. 'బాధితుల ప్రస్తుత పరిస్థితి' దగ్గర, మరణించినట్టు భావింపబడినవారు సత్యవతమ్మ గారితో టీ తాగుచున్నారు, స్పృహ తప్పినవారు మూడో విడత పకోడీలకై వేచియున్నారు అని రాశాను. శామ్యూలు గారు చదివి, "భాష బాగుంది" అని ఎర్రసిరాతో రాసిచ్చారు. నా జీవితంలో నాకొచ్చిన ఏకైక ప్రశంసాపత్రం అదే.

ఆ ఏడు సఖినేటిపల్లి పంటు మీద పద్ధెనిమిదిమంది ఆడపిల్లలు పాటలు పాడుకుంటూ గోదావరి దాటారు. విజిలు సునంద మెళ్ళో ఉంది. వాళ్ళ సంచులు నా నెత్తిమీదున్నాయి. చిట్టిబాబు కోటడిగితే ఇచ్చేశాను. వాడికి బొత్తాలు పట్టలేదు.

మార్తమ్మ గారికి ఇప్పుడు తొంభై. దుక్కలా ఉన్నారు. కాని నేను చేసిన పనివల్ల మా ఊళ్ళో ఒక కొత్త ఆచారం పుట్టింది. ఇప్పుడు రెండేసి దెబ్బలు వినపడితే ఎవరూ చర్చికి పరుగెత్తరు. ముందు మార్తమ్మ గారికి ఫోను చేస్తారు. అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి, మస్కట్ నుంచి కూడా. ఆవిడ ఫోనెత్తి హలో అనరు. అవతలివాళ్ళు నోరు తెరవకముందే, ఎంతో ఓపిగ్గా, "ఆయ్, నేను కాదండీ," అంటారు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా: దయాకర్ అనబడే నేను, బుద్ధిపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఏడడుగుల ఆ ముడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఊళ్ళో వరదొచ్చినా, గాలివానొచ్చినా, నా ఒంటికే నిప్పంటుకున్నా, నిదానంగా మాత్రం ఉండను. గాబరా పడతాను, గావుకేకలు పెడతాను, చెప్పులొదిలి పరుగెత్తుతాను. సునంద ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి.